కోడెకు అంటగట్టిన నొప్పి

మండలాలు కొత్తగా ఏర్పడిన రోజులవి. చండ్రుగొండ దగ్గరి రైతు వెంకటప్పయ్య ఆ ఉదయం మిరపతోటకు నీళ్ళు పెట్టి, అటునుంచి అటే దవాఖానాకు పోదామనుకున్నాడు. మూడు నెలలుగా వృషణాల్లో ఒకటే సలుపు. సైకిలెక్కలేడు, కూర్చున్నచోట కుదురుగా కూర్చోలేడు. కోసెయ్యాలంటారేమోనని లోపల బెంగ. తీరా దవాఖానా గుమ్మం దాకా పోతే, బల్లమీద ఊళ్ళోవాళ్ళే నలుగురు కూర్చుని ఉన్నారు. రోగమేమిటని అడిగితే వాళ్ళకేం చెప్పాలి? కాళ్ళు వాటంతటవే పక్కనున్న పశువుల దవాఖానాలోకి నడిచాయి.

అక్కడి డాక్టరుకు తన బాధంతా పొల్లుపోకుండా చెప్పాడు. కాకపోతే అది కోడెకని చెప్పాడు. మనిషికి పనికొచ్చే మందేదో బయటపడకపోతుందా అని ఆశ. డాక్టరు శ్రద్ధగా విని, రేపొచ్చి చూస్తానన్నాడు. సర్కారువాళ్ళు వస్తామన్నప్పుడు ఎప్పుడొచ్చారు గనక అని వెంకటప్పయ్య నిశ్చింతగా ఇల్లు చేరాడు.

తెల్లారేసరికి డాక్టరు వాకిట్లో ఉన్నాడు. కోడె కింద చెయ్యి పెట్టాడు. ఏ కోడె అయినా చేసే పనే అదీ చేసింది, ఒక్క తన్ను తన్నింది. "చూసిన్రా, ఎంత నొప్పో," అని జాలిపడి, విత్తులు కొట్టేస్తే పీడ పోతుందని తేల్చాడు. మూగజీవిని మూడు నెలలు ఏడిపిస్తారా అని భార్య రాఘవమ్మ మొగుణ్ణి కడిగేసింది. జీతగాడు దూలయ్య మరో నలుగురిని పిలుచుకొచ్చి, కోడెను తాళ్ళతో పడేశాడు. చుట్టుపక్కల ఆవులన్నిటికీ అదే దిక్కు. వద్దంటే ఎందుకో చెప్పాలి, ఊరుకుంటే బంగారంలాంటి కోడె పోతుంది. కక్కలేక మింగలేక వెంకటప్పయ్య కోడె చుట్టూ తిరిగాడు.

డాక్టరు పెద్ద పటకారు తెరిచాడు.

"ఆగుండ్రి సారూ. నొప్పి కోడెకు కాదు, నాకు."

డాక్టరు ఒకసారి పటకారును, ఒకసారి వెంకటప్పయ్యను చూశాడు. వెంకటప్పయ్య గబుక్కున గడ్డివాము చాటుకు తప్పుకున్నాడు.

"మూడు నెలల సంది సైకిలెక్కనిది గిందుకా?" అంది రాఘవమ్మ. ఆపైన చీర మార్చుకొచ్చి, తానే వెంటబెట్టుకుని మనుషుల దవాఖానాకు తీసుకుపోయింది.

అక్కడి డాక్టరు నవ్వలేదు. ఎప్పటినుంచి, దెబ్బేమైనా తగిలిందా, ఒంటికి పోతే మంటా, నడుము నొప్పా అని అడిగాడు. పడుకోబెట్టీ నిలబెట్టీ చూసి, మూత్రం పరీక్ష చేయించి, గడ్డల్లేవు, కోసే పని లేదు అన్నాడు. బిగుతుగా గోచి కట్టుకోమని, గోలీలు మింగమని, బరువులెత్తవద్దని, రెండు వారాలకు మళ్ళీ కనపడమని చెప్పాడు. ఉన్నట్టుండి నొప్పి ముదిరితే మాత్రం క్షణం ఆగకుండా రావాలట.

"గిది చానామందికి ఉంటది. చెప్పరంతే."

వెంకటప్పయ్యకు ప్రాణం లేచొచ్చింది. డాక్టరు అన్న ఆ మాటను రాఘవమ్మ ఊళ్ళో ఇంటింటికీ చేరవేసింది. కోడె తాళ్ళు పట్టిన మగాళ్ళంతా మర్నాడు దవాఖానా ముందు వరసకట్టారు. అందరికంటే ముందు నిలబడ్డ పశువుల డాక్టరు మాత్రం, తనది మోకాలి నొప్పేనని అడగనివాళ్ళకు కూడా చెప్పుకుంటున్నాడు.