జానెడు అంచు

గురువారం పొద్దున చెన్నరాయప్ప వేసుకున్న పథకంలో మూడే ముక్కలున్నాయి. ఏడున్నర బస్సుకు హోసూరు పోవడం, ఫ్లెక్సు చేయించడం, పదకొండుకల్లా కుందారపల్లి తిరిగొచ్చి కోపంగా ఉండడం. మూడోదానికి పథకం అక్కర్లేదు. ఆయన కుందారపల్లిలో గొంతు పెంచితే శూలగిరిలో పొయ్యిమీది పాలు విరుగుతాయని చెప్పుకుంటారు. విరిగిన పాలు చూశామన్నవాళ్ళు ఇద్దరు ఇప్పటికీ ఉన్నారు.

ఈసారి కోపానికి కారణం ఆయన భార్య తమ్ముడు ఆంజప్ప. హైవే పక్కన నాలుగేళ్ళుగా ఆంజప్ప హోటలు నడుస్తోంది. బోర్డు లేదు, పేరు లేదు, అయినా జనం ఉన్నారు. రెండు పొట్టేళ్ళు మిగుల్చుకుని గొర్రెలన్నీ అమ్మేసి ఎదురుగ్గా చెన్నరాయప్ప కొత్త హోటలు కట్టాడు. ఆదివారం ప్రారంభం. సోమవారమే బస్‌స్టాపులో పదిమంది ముందు నోరు జారాడు.

"ఆదివారం మూడు గంటలకల్లా నా రెండు పొట్టేళ్ళ కూరా అయిపోకుంటే, నీ హోటల్లో నెల దినాలు ఎంగిలి తట్టలు కడుగుతా, చూడు!"

ఆంజప్ప నవ్వలేదు. "సరే బావా. నీకు చన్నీళ్ళు పడవు గదా, వేన్నీళ్ళు పెట్టిస్తాలే" అన్నాడు. ఆ వేన్నీళ్ళ మాట చెన్నరాయప్ప బుర్రలో మూడు రోజులుగా మరుగుతోంది.

హోసూరు ఫ్లెక్సు షాపులో కంప్యూటరు ముందు కూర్చునే ప్రవీణ గుంటూరు వైపు నుంచి వచ్చిన పిల్ల. చెన్నరాయప్ప నిలబడే చెప్పాడు.

"ఒక సంగటి ముద్ద, ఒక గిన్నెడు కూర, కింద పేరు. అంతే తల్లీ. లారీలో పోయేవాడు బ్రేకు తొక్కల్ల."

పది నిమిషాల్లో తెర మీద ఏనుగు తలంత సంగటి ముద్ద పొగలు కక్కింది. పక్కనే ఎర్రగా నూనె తేలిన కూర. పక్క కుర్చీలో పెళ్ళి ఫ్లెక్సు కోసం కూర్చున్న ఆయన టిఫిను తిని వచ్చినవాడే, మళ్ళీ లేచి హోటలుకు పోయాడు. చెన్నరాయప్ప కోపం కూడా ఒక క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణంలోనే ఆయన తప్పు చేశాడు. తెరను ఫోటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

ఆ పక్కల ఫ్లెక్సు అనేది సరుకు కోసం కాదు, చుట్టాల కోసం. చెవులు కుట్టించినా, బోరు వేయించినా, కింద వరుసగా ముఖాలు లేకపోతే ఆ పని జరిగినట్టే కాదు. ఫోటో పోయిన నిమిషానికి అక్క నంజమ్మ ఫోను చేసింది.

"రేయ్ చెన్నా, కూర ఉండాది, మీ బావ యాడరా?"

"అక్కా, అది తినేది. బావను తింటారా?"

"నీ పెండ్లికి పందిరి గుంజలు మోసింది కూరనా, మీ బావనా?"

బావ ఎక్కాడు. బావ ఎక్కాడని చిన్నాన్న ఎక్కాడు. చిన్నాన్న ఎక్కితే ఆయన ముగ్గురు అల్లుళ్ళూ ఎక్కకుండా ఉంటారా? మధ్యాహ్నానికి ఇరవై ముగ్గురయ్యారు, అందరూ తెల్లచొక్కాల్లో, చేతులు జోడించి. నంజమ్మ మళ్ళీ ఫోను చేసి, "అమ్మను నడిమధ్యన పెద్దదిగా పెట్టించు, చుట్టూ మల్లెపూలు వేయించు" అంది. తల్లి బసవమ్మ మల్లెపూల మధ్యకు వచ్చింది. సంగటి ముద్ద గుమ్మడికాయంత అయింది, తర్వాత నిమ్మకాయంత అయింది, చివరికి చిన్నాన్న రెండో అల్లుడి భుజం వెనక అస్తమించింది. 'రాగి సంగటి – పొట్టేలు కూర' అనే ఎర్ర అక్షరాలు కిందికి, ఇంకా కిందికి జరిగి అట్టడుగున ఆగాయి.

"బాబాయ్ గారూ, చుట్టూ జానెడు అంచు ఖాళీగా ఉంచాలండీ" అంది ప్రవీణ. "చెక్క ఫ్రేముకు చుట్టి మేకులు కొడతారు. ఆ జానెడూ వెనక్కి పోతుంది."

"అడుగు ఇంత అని తీసుకునేది మీరు, జానెడు వదిలేసేది నేనా? ఖాళీ ఫ్లెక్సుకు దుడ్డిచ్చేదానికి నేనేం పిచ్చోడినా?"

"అక్కడ పేరు పెడితే ఫ్రేము వెనకాల నిలబడి చదువుకోవాలండీ."

"మీ గుంటూరులో మేకులు అక్షరాలు మింగుతాయేమో, మా కుందారపల్లి మేకులకు ఆ అలవాటు లేదు! అంచు దాకా లాగు!"

ప్రవీణ ఒక కాగితం తీసి ముందు పెట్టింది. "అంచు వద్దని మీ చేత్తో రాసి సంతకం పెట్టండి." ఆయన పెట్టిన సంతకానికి కాగితం చిరిగింది, కింద టేబులు అద్దం మీద గీత పడింది. ఆ గీతను షాపులో ఇప్పటికీ చూపిస్తారు.

ఆదివారం తెల్లారి వడ్రంగి ఆదిశేషయ్య రోడ్డుకూ హోటలుకూ మధ్య నిలువెత్తు ఫ్రేము నాటాడు. పొయ్యి దగ్గర వంటవాళ్ళను తిట్టే పనిలో ఉన్న చెన్నరాయప్ప బయటికి వచ్చేసరికి ఏడయింది. ఫ్లెక్సు మీద ఇరవై ముగ్గురు దండం పెడుతున్నారు. నడిమధ్యన మల్లెపూల్లో బసవమ్మ. ఒక్క అక్షరం లేదు.

"పేరు యాడ రా?"

"వెనకాల భద్రంగా ఉండాదన్నా" అన్నాడు ఆదిశేషయ్య. "హైవే గాలికి జానెడు చుట్టి మేకులు కొట్టకుంటే కృష్ణగిరిలో పోయి ఏరుకోవల్ల."

చెన్నరాయప్ప నోరు తెరిచేలోపే ఆటో దిగిన నంజమ్మ నోరు తెరిచింది. ఫ్లెక్సు కుడి అంచున ఆమె మొగుడికి మిగిలింది ఒక చెవి.

"ముప్పై ఏండ్లు కాపురం చేసినాను, ఆ చెవి చూస్తే నాకే గుర్తు దొరకలేదు! ఇదేనా మర్యాద?"

"నేనేం కోసినానా అక్కా? మేకు కోసింది!"

"మేకుకు చెప్పి కోయించినావు!"

ఆ చెవి కనబడేలా ఫ్లెక్సంతా ఫోటో తీసి గ్రూపులో పెట్టి, "చూడండి మా తమ్ముడి నిర్వాకం" అని రాసి ఆమె ఆటో ఎక్కింది. అప్పటికే వచ్చిన చుట్టాల్లో భుజం పోయినవాళ్ళు, సగం మీసం పోయినవాళ్ళు ఆమె వెనకే వెళ్ళారు. ముఖం పూర్తిగా ఉన్న చుట్టాలు కూడా, పక్కవాడు లేకుండా ఎలా అని వెళ్ళారు. వడ్డించాల్సినవాళ్ళు, తట్టలు కడగాల్సినవాళ్ళు వాళ్ళే.

తొమ్మిదింటికి ఒక లారీ ఆగింది. డ్రైవరు దిగి, చెప్పులు విడిచి, ఫ్లెక్సుకు దండం పెట్టాడు. "పెద్దామె ఎప్పుడు పోయిందన్నా?"

"ఎవురూ పోలేదు! నువ్వు లోపలికి వచ్చి తిను!"

"చావింట్లో ముద్ద ముట్టకూడదన్నా" అని డ్రైవరు రోడ్డు దాటి ఆంజప్ప హోటల్లో నాలుగు ముద్దలు తిన్నాడు. నంజమ్మ పెట్టిన ఫోటోలో మల్లెపూల మధ్య బసవమ్మను చూసి, పదకొండుకు బేరిగై నుంచి దూరపు చుట్టాలు టెంపోలో దిగారు. గులాబీల మాలతో, ఏడుస్తూ. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న బసవమ్మ మాల చూసి సంబరపడింది.

"నాకేనా నాయనా? బాగుండాదే" అని తానే మెళ్ళో వేసుకుంది.

టెంపోలో వచ్చినవాళ్ళకు ఏడుపు మధ్యలో ఆగి ఎక్కిళ్ళు పట్టాయి. ఎక్కిళ్ళు తగ్గడానికి ఆంజప్ప హోటలుకు పోయి నీళ్ళు తాగారు, ఆకలేసి కూర కూడా తిన్నారు. ఆంజప్ప గుమ్మంలోంచే అరిచాడు.

"బావా, వేన్నీళ్ళు పెట్టమంటావా?"

పన్నెండున్నర అయింది. గుండిగల్లో రెండు పొట్టేళ్ళూ కదలకుండా ఉన్నాయి. చెన్నరాయప్ప పంచె ఎగగట్టి ఫ్రేము మీదికి లంఘించాడు. "మీ ముఖాలు కాలా! నా హోటలుకు అడ్డం నిలబడి దండాలా?" అంటూ రెండు చేతులతో ఫ్లెక్సు పట్టి లాగాడు. ఆదిశేషయ్య మేకులు దగ్గరదగ్గరగా కొట్టే మనిషి. పోస్టు స్టాంపుల చిల్లుల వెంబడి చిరిగినట్టు, మేకుల వరస వెంబడి ఫ్లెక్సు పర్రుమని చిరిగింది. ఇరవై ముగ్గురు చుట్టాలూ, తల్లీ, ఒక చెవీ ఆయన మీద పడ్డారు. ఆయన వాళ్ళతో సహా కింద పడ్డాడు.

ఫ్లెక్సు కింద నుంచి తిడుతూ పాక్కుంటూ బయటికి వచ్చేసరికి బ్రేకుల చప్పుడు. ఒక లారీ, వెనక ఇంకో లారీ, దాని వెనక కర్ణాటక కారు. ఆయన తల ఎత్తి చూశాడు. చుట్టాలు పోయిన ఖాళీ ఫ్రేములోంచి హోటలు పటం కట్టినట్టు కనిపిస్తోంది. పొయ్యి, పొగ, ఎర్రగా మరుగుతున్న కూర, మాల వేసుకుని కూర్చున్న బసవమ్మ. ఫ్రేము అడుగున, వెనక్కి మడిచిన జానెడు అంచు కిందికి జారి వేలాడుతోంది. ఎర్ర అక్షరాలు: 'రాగి సంగటి – పొట్టేలు కూర.'

రెండూ ముక్కాలుకు వంటవాళ్ళు గుండిగ అడుగు గీకుతున్నారు. గీకుతున్న చప్పుడు విని ఆగిన లారీలు కూడా ఉన్నాయట.

పందెం గెలిచిన చెన్నరాయప్ప మూడింటికి పెరట్లోకి పోతే తట్టలు గుట్టగా పడున్నాయి. కడిగేవాళ్ళందరూ అలిగి ఇళ్ళలో ఉన్నారు. ఆయన పళ్ళు కొరుకుతూ తొట్టి ముందు కూర్చున్నాడు. పక్కన ఎవరో పంచె ఎగగట్టుకుని కూర్చున్నారు. ఆంజప్ప.

"నువ్వెందుకు వచ్చినావు రా?"

"నన్ను ఆ ఫ్లెక్సులో పెట్టలేదు గదా బావా. ఇంక నాకు అలిగేదానికి ఏముండాది? ఆ పీచు ఇట్లియ్యి."

చెన్నరాయప్ప తిట్టడానికి నోరు తెరిచి, పీచు ఇచ్చాడు. అప్పుడే ఫోను మోగింది. ప్రవీణ.

"బాబాయ్ గారూ, ఫ్లెక్సు ఎలా వచ్చిందండీ?"

"బాగుండాది తల్లీ" అన్నాడాయన, తట్ట బోర్లించి. "వచ్చే తూరి అంచు ఒక్కటే వెయ్యి."