కదపరాని శాలువా

శాలువా పరిచినట్టు ఉండకూడదట, పడినట్టు ఉండాలట. పడేసినట్టు మాత్రం ఉండకూడదట. ఈ మూడింటికీ మధ్య ఉన్న వెంట్రుకవాసి తేడా గురించి గడియారాలు బాగుచేసే ఆయన పొద్దుటినుంచీ ఆలోచిస్తున్నాడు. ముప్పై ఏళ్ళుగా కంటికి భూతద్దం పెట్టుకుని ఇంతకన్నా చిన్న తేడాలు సరిచేసినవాడే. ఇది మాత్రం అంతుపట్టలేదు.

ఆయనా, లెక్కల టీచరైన ఆయన భార్యా విడిపోవాలని సామరస్యంగా తీర్మానించుకుని ఏడాదయింది. పోట్లాట కూడా లేదు, మాటలుంటేగా. ఇల్లు అమ్ముడైతే ఆవిడ చెల్లెలింటి పక్కకి, ఆయన దుకాణం మీది గదికి. కాని చూడవచ్చిన వాళ్ళంతా "గోడలు గట్టివే గాని, ఇల్లు చప్పగా ఉందండీ" అని వెళ్ళిపోయారు. అందుకని, ఇళ్ళను ముస్తాబు చేసి అమ్మకానికి నిలబెట్టే నిపుణురాలు దయచేసింది.

రోగం కనిపెట్టడానికి ఆమెకు రెండు నిమిషాలు పట్టింది.

"మీ ఇంట్లో పొరలు లేవు సార్. అన్నీ నున్నగా ఉన్నాయి. చెయ్యి జారిపోతోంది, మనసూ జారిపోతోంది."

మర్నాడు పొరలు దిగాయి. జనపనార పట్టా మీద ఉన్ని తివాచీ, తివాచీ మీద గొర్రెతోలు. ఇప్పుడు సోఫా దగ్గరికి ఎవరైనా ఎక్కి వెళ్ళాలి. సోఫాలో ముఖమల్ దిండు, దాన్ని ఆనుకుని ముతక నార దిండు, దాని ఒళ్ళో బొచ్చు దిండు. మనిషికి చోటు మిగల్లేదు గాని, మనిషి ఇప్పుడే లేచి వెళ్ళినట్టు ఒక గుంట మాత్రం ఏర్పాటయింది. గుంట వెయ్యడానికి ఆమె దగ్గర ప్రత్యేకంగా ఒక ఇసుకసంచి ఉంది. మొరటు చెక్కపళ్ళెంలో రెండు కప్పులు, చెవులు తగులుతూ. ఎవరూ తాగకుండా మైనంతో అతికించింది. చిట్టచివరి పొరగా, రెండు దిండ్ల భుజాల మీదుగా ఒకే శాలువా. నవ్వకండి, మీ ముందుగదిలోనూ ఎవరూ కూర్చోకూడని కుర్చీ ఒకటి ఉండే ఉంటుంది.

"ఇక్కడ ఒక జంట ఉంటోందనిపించాలి," అంది.

"మేం ఉంటున్నాం కదమ్మా."

"మీరు కనిపిస్తే అలా అనిపించదు సార్."

ఆయనకు అది న్యాయమే అనిపించింది. ఫ్రిజ్ మీద నిబంధన వెలసింది: ఇంట్లో మనుషులున్నట్టు ఉండవలెను. మనుషులుండరాదు.

ఆ ప్రకారం దంపతులు వంటింటి వెనక బట్టలుతికే గదికి బదిలీ అయ్యారు. రెండు బకెట్లు బోర్లించుకుని కూర్చునేవారు. అక్కడ పొరల్లేవు, సబ్బు వాసన ఉంది. ఇంట్లో ఉన్న రెండు కప్పులూ విధి నిర్వహణలో ఉన్నందువల్ల టీకి ఒకే స్టీలు గ్లాసు. ఆవిడ సగం తాగి ఇచ్చేది. గది ఇరుకు కనక మోకాళ్ళు తగలక తప్పదు. తగిలినందుకు మొదటివారం క్షమాపణలు చెప్పుకున్నారు. రెండోవారం మరిచిపోయారు.

ఈ రోజు ఒక జంట ఇల్లు చూడటానికి వచ్చింది. మూడు పొరల మీద అడుగులు వినపడలేదు గాని, గొంతులు గోడ దాటి వచ్చాయి.

"నీ వల్లే ఆలస్యం."

"చాల్లే, ఎక్కడికెళ్ళినా ఇదే పాట."

ఆ తరవాత నిశ్శబ్దం. శాలువా కనబడి ఉంటుంది.

"చూశావా, ఎంత ప్రేమగా ఉంటారో వీళ్ళు," అంది కొనవచ్చినావిడ. "ఇలాంటి శాలువా ఒకటుంటే మన కాపురం ఇలా ఏడ్చేది కాదు."

భర్త గొంతు నిపుణురాలి వైపు తిరిగింది. "తీసుకుంటామండీ. శాలువాతో సహా. ఆ గుంట కూడా పూడిపోకూడదు."

"గుంటకు పూచీ నాది," అంది నిపుణురాలు గంభీరంగా.

బకెట్ మీద టీచరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పాపం, ఆ ఇసుకసంచి కూడా ఇచ్చెయ్యమనండి," అంది గుసగుసగా. ఆయనకు నవ్వొచ్చి టీ పొలమారింది. ఆవిడ ఆయన నెత్తిన తట్టింది.

"సార్, మేడం," నిపుణురాలి పిలుపు దగ్గరవుతోంది. "ఇల్లు అమ్ముడైనట్టే. వచ్చి సంతకాలు పెట్టండి."

ఏడాదిగా ఎదురుచూసిన మాట. ఆయన భార్య వంక చూశాడు. ఆవిడ గ్లాసు వంక చూసింది.

"ఇంకా సగముంది," అంది.

ఆయన చెయ్యి చాచి, చప్పుడు కాకుండా, తలుపుకి లోపలి గడియ పెట్టాడు.