స్టేషను బోర్డుకు తారు పూసిన వైనం

ఖరగ్‌పూర్ స్టేషను బోర్డు మీద బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు అక్షరాల సరసన తెలుగు అక్షరాలు కూడా రాసేవరకూ ఆంధ్ర తేజోదళం కంటిమీదికి కునుకు రానివ్వదనీ, ఆదివారంలోగా రాయకపోతే ఉన్న అక్షరాలకు తారు పూస్తామనీ, తదుపరి పరిణామాలకు తమ పూచీ లేదనీ దళాధిపతి భీమశంకరం గారు చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు. ఈ ప్రకటన ఓల్డ్ సెటిల్‌మెంటు రైల్వే క్వార్టర్లలో సత్యవాణి ఇంటి వెనక వరండాలో, ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూండగా జరిగింది. సభకు హాజరైనవారు ఇద్దరు. వారిలో ఒకరు ఉపన్యాసకులు.

భీమశంకరం గారు మలంచా రోడ్డులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతారు. దళంలో మొత్తం ముగ్గురు సభ్యులు. ఒకడికి వాల్తేరులో ఉద్యోగం రావడంతో ఇద్దరు మిగిలారు. ఆ రెండో అతన్ని ఆదివారాలు వాళ్ళమ్మ బయటికి పోనివ్వదు.

ఇక సత్యవాణి సంగతి. ఆవిడ విజయనగరంలో బి.ఏ. ప్యాసైంది. భర్త వెంకటరావు వర్క్‌షాపులో గుమస్తా. రైల్వే ఉద్యోగి పత్రికలకు రాయకూడదు కనక, విజయవాడ నుంచి వెలువడే 'సత్యధ్వజం' దినపత్రికకు ఖరగ్‌పూర్ విలేకరి పదవి ఆవిణ్ణి వరించింది. పదవిలోకి వచ్చింది మొదలు ఆవిడ రిటైరైనవారి సన్మానాలూ, పోయినవారి సంతాపాలూ, భజన సంఘాల వార్షికోత్సవాలూ ఎంతో నిష్ఠగా రాసి పంపింది. చివరికి సంపాదకులవారి దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది. 'మీ ఊళ్ళో ఎవరికీ కోపం రాదా?' అని మాత్రమే ఉంది అందులో.

అందుచేత భీమశంకరం గారి కోపం ఆవిడకు వరండాలోకి నడిచొచ్చిన అదృష్టంలా కనిపించింది. అయినా సత్యవాణి బాధ్యత గల మనిషి. ఇద్దరు మనుషుల ఆవేశానికి పేపర్లో చోటిస్తే ఊళ్ళో ఏమవుతుందో ఆవిడకు తెలుసు. తెలుసు కనకనే వార్త చివర ఒక పేరా చేర్చింది: 'ఇది ఒకరిద్దరి ఆవేశమే తప్ప ఇక్కడి తెలుగువారికి దీనితో ప్రమేయం లేదు. బెంగాలీ సోదరులతో వారు కలిసిమెలిసి బతుకుతున్నారు.' చోటు చాలనప్పుడు సత్యధ్వజంలో వార్తను కింది నుంచి కత్తిరిస్తారు. బాధ్యత ఎప్పుడూ కిందనే ఉంటుంది.

ఖరగ్‌పూర్ వార్త మద్రాసు మెయిల్లో విజయవాడ వెళ్ళి, అచ్చై, మళ్ళీ ఖరగ్‌పూర్ చేరడానికి మూడు రోజులు పడుతుంది. తమ వీధిలో ఏం జరిగిందో వీధివాళ్ళు మూడోనాడు తెలుసుకుని ఉలిక్కిపడేవారు. ఈసారీ అలాగే పడ్డారు. 'ఖరగ్‌పూర్‌లో గర్జించిన తెలుగు సింహాలు' అని శీర్షిక. భీమశంకరం గారు మీసం పెంచడం మొదలుపెట్టారు.

సత్యవాణి నొచ్చుకుంది. ఈసారి బాధ్యతను పైకి తెచ్చి, 'ఎవరూ భయపడవలసిన పని లేదు' అనే మాటతోనే వార్త ఎత్తుకుంది. అది 'ఖరగ్‌పూర్‌లో భయాందోళనలు' అనే శీర్షికతో తిరిగొచ్చింది.

పక్కింటి బేలాదీ పిట్టగోడ దగ్గరికి వచ్చింది. బెంగాలీ ఆవిడే గానీ, ఆ వీధిలోనే కాపరం కనక తెలుగు బాగానే పట్టుబడింది. వీధివాళ్ళ చేత పేపరు చదివించుకుని మరీ వచ్చింది.

"సత్యా, మా పిల్లల్ని ఇస్కూలుకి పంపనా, మాననా?"

"భయం లేదని రాశాను కదా బేలాదీ."

"భయం లేకపోతే ఎందుకు రాసినావు?"

దీనికి పత్రికారచనా శాస్త్రంలో సమాధానం ఉండే ఉంటుందని సత్యవాణి అనుకుంది. ఆవిడ బి.ఏ.లో తీసుకున్నది చరిత్ర.

ఆదివారం పొద్దున్నే దళాధిపతి దిగారు. చేతిలో నెయ్యి డబ్బా, డబ్బా నిండా తారు.

"సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పూసెయ్యడానికి నిశ్చయమైపోయిందండీ. వార్త రాసుకోండి."

"జరగనివ్వండి. జరిగాక రాస్తాను."

"జరిగేసరికి మీ ఆయన షికారు అయిపోతుంది. కవరు స్టేషను పోస్టు డబ్బాలో ఎవరేస్తారు? రేపు వెళ్తే అచ్చయి వచ్చేసరికి గురువారం. చరిత్ర పాచిపోదేటండీ?"

జరగనిది రాయడం తప్పని సత్యవాణి గట్టిగా వాదించింది. మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా వాదించింది. ఆ తర్వాత, దేశక్షేమం దృష్ట్యా, జరగబోయేదాన్ని జరిగినట్టుగా రాయడానికి ఒప్పుకుంది. తీరా కలం పట్టుకుంటే ఒక చిక్కొచ్చింది. ఒక్క మనిషి వెళ్ళి తారు పూశాడంటే అది వార్త కాదు, పిచ్చి. వెనక జనం ఉండాలి. జనంలో ఒకరికైనా పేరుండాలి. ఆవిడ తలెత్తి చూసింది.

ఎదురుగా పెరట్లో తవిటయ్య ఉన్నాడు. వర్క్‌షాపులో ఖలాసీ. సెలవురోజు కదా అని సత్యవాణి ఇంటి బొగ్గులపొయ్యికి కొత్తగా మట్టి మెత్తడానికి వచ్చాడు. పాత మసి గీకి గీకి మోచేతులదాకా నల్లబడి ఉన్నాడు. చూసినది తప్ప రాయకూడదన్న నియమం సత్యవాణికి ఉంది. 'నల్లబడిన చేతులతో తవిటయ్య అనే కార్మికుడు చెక్కుచెదరకుండా నిలబడడం ఈ విలేకరి కళ్ళారా చూసింది' అని రాసింది. కవరు అంటించింది. వెంకటరావు షికారుకి బయల్దేరాడు.

మర్నాడు పొద్దున భీమశంకరం గారు దొడ్డిదారిన వచ్చారు. డబ్బా నిండుగానే ఉంది.

"ఏమైందండీ?"

"ప్లాట్‌ఫారం టికెట్లు అయిపోయినాయండీ."

"ఏమిటీ?"

"కౌంటర్లో లేవన్నాడు. టికెట్ లేకుండా లోపలికెళ్ళడం చట్టవిరుద్ధం కదా. మన ఉద్యమం మీద అలాంటి మచ్చ పడనివ్వకూడదు." గొంతు తగ్గించారు. "వార్త?"

"వెళ్ళిపోయింది."

"అయితే జరిగినట్టే కదండీ," అన్నారాయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని.

సత్యవాణి ఆ పూటే కార్డు రాసింది: తారు పూయడం జరగలేదు, దయచేసి సవరణ వెయ్యండి. సంపాదకుల జవాబు పేపరు వచ్చిన మర్నాడు వచ్చింది. 'జరగని సంగతులు ప్రచురించడం మన పత్రిక సంప్రదాయం కాదు.'

పేపరు రాగానే జనం స్టేషనుకి పరిగెత్తారు. బోర్డు నిగనిగలాడుతోంది. "సూడరా, ఎంత శుభ్రంగా కడిగీసినారో. మచ్చుకైనా తారు లేదు," అని ముక్కున వేలేసుకున్నారు. సంబంధిత శాఖ వారు మాత్రం తక్కువ తిన్నారా? తారు తుడిచెయ్యమని పైనించి ఆర్డరొచ్చింది, ఇద్దరు మనుషుల్నీ పీపాడు కిరసనాయిల్నీ శాంక్షన్ చేశారు. లేని తారును తుడవడం కష్టమైన పని. వాళ్ళు పొద్దుట నుంచి సాయంత్రం దాకా రుద్దితే బెంగాలీ అక్షరాల మీద రంగు కొంత ఊడింది. అదిగో, తారు పడింది అక్కడే అని మర్నాటి నుంచి జనం వేలెత్తి చూపించుకోసాగారు.

బెంగాలీ కుర్రాళ్ళు కూడా ఒక దళం పెట్టారు. రైల్వేవారు తవిటయ్యను సస్పెండు చేశారు.

తవిటయ్య భార్య నూకాలమ్మ చంటిదాన్ని చంకనేసుకుని సత్యవాణి గుమ్మంలో కూలబడింది.

"అమ్మగోరూ, ఆ యేళకి మావోడు మీ పొయ్యి మెత్తతన్నాడు కదా?"

"అవును నూకాలమ్మా."

"మరి స్టేసన్‌కాడ ఎలాగున్నాడమ్మా? మా గుంటడు సదివి సెప్పినాడు. ఎవులో కళ్ళారా సూసినారంట. ఆ సూసినోల్ల కళ్ళు..." అంటూ ఆ కళ్ళకు జరగవలసినవి వివరంగా చెప్పింది. సత్యవాణి తల దించుకుని విన్నది. "ఎంకైరీలో తేలితే ఉద్యోగం ఊడబీకుతారంట. క్వాటర్సు కాళీ సెయ్యాలంట. పిల్లల్నేసుకుని ఏ సెట్టు కిందికి పోవాలమ్మా?"

ఆ సాయంత్రం సత్యవాణి భర్తను సలహా అడిగింది.

"నువ్వెళ్ళి నిజం చెబితే నీ విలేకరి పదవి పోతుంది. చెప్పకపోతే వాడి ఉద్యోగం పోతుంది," అన్నాడు వెంకటరావు.

"మీరేమంటారు?"

"నేను రైల్వే ఉద్యోగిని. నాకు అభిప్రాయం ఉండకూడదు."

తన పదవీ, తవిటయ్య ఉద్యోగమూ, ఈ రెండిట్లో ఏది ముఖ్యమో సత్యవాణికి వెంటనే తట్టింది. అయినా తొందరపడకుండా రెండు రోజులు ఆలోచించి, తవిటయ్య ఉద్యోగమేనని తేల్చుకుంది. తోడు సాక్ష్యానికి బేలాదీని పిలిచింది.

"ఆ రోజు గోడమీంచి తవిటయ్యను చూశావు కదూ? పొయ్యి బాగా మెత్తుతున్నాడని కూడా అన్నావు."

"సూసినాను," అంది బేలాదీ. "కానీ పేపర్లో వేరేగా ఉంది కదా. నాకు ఈమధ్య కళ్ళు సరిగా ఆనట్లేదు సత్యా."

విచారణ అధికారి పేరు ఆర్థర్ దొర. మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, సత్యధ్వజం కటింగూ దాని ఇంగ్లీషు అనువాదమూ ముందు పెట్టుకున్నాడు. గోడవారన తవిటయ్య నిలబడి ఉన్నాడు. బయట వరండాలో తారు పూయడం చూసిన సాక్షులు బారులు తీరి ఉన్నారు. సగం మంది ఆ ఆదివారం ఊళ్ళోనే లేరని సత్యవాణికి తెలుసు.

"ఆ సమయంలో ఈ మనిషి మా ఇంట్లో ఉన్నాడు," అంది సత్యవాణి.

"మీరు గృహిణిగా చెబుతున్నారా, విలేకరిగానా?"

"గృహిణిగా."

"గృహిణి ఇంట్లో చూశానంటున్నారు. విలేకరి ప్లాట్‌ఫారం మీద కళ్ళారా చూశానని రాశారు. చదివితే విలేకరి బాగా చదువుకున్నావిడలా ఉన్నారు."

"ఆవిడా నేనేనండీ. ఆ వార్త అబద్ధం. నేనే రాశాను."

ఆర్థర్ దొర చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మేడమ్, మీలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు. ఇలాంటప్పుడు అచ్చయిన మనిషిని నమ్మడం మా పద్ధతి. బోర్డు మీద తారే లేకపోతే పీపాడు కిరసనాయిలు ఎలా ఖర్చయిందంటారు?"

సత్యవాణి తవిటయ్య వైపు చూసింది. తవిటయ్య తన చేతుల వైపు చూసుకుంటున్నాడు.

ఆ క్షణంలో తలుపు తోసుకుని భీమశంకరం గారు ప్రవేశించారు. మీసం పూర్తయింది. చేతిలో టైపు చేసిన వాఙ్మూలం, మూడు కాపీలు.

"ఈ అన్యాయం నేను సహించను. ఉద్యమం నాది. డబ్బా నాది. పూసింది నేను. ఎక్కడో పొయ్యిలు మెత్తుకునే మనిషికి ఈ కీర్తి కట్టబెట్టడం పత్రికల బాధ్యతారాహిత్యం," అని సత్యవాణి వైపు వేలు చూపించారు.

ఆర్థర్ దొర కాగితం అందుకున్నాడు. "మీరు రైల్వే ఉద్యోగా?"

"కాదు."

"క్వార్టరు ఉందా? పాసు?"

"ఏమీ లేవు."

దొరగారి మొహం విప్పారింది. "అయితే మీరు పూశారంటే మాకేమీ అభ్యంతరం లేదు," అని ఫైలు మూసేశాడు.

తవిటయ్య డ్యూటీలో చేరాడు. భీమశంకరం గారిని పోలీసులు పిలిచి, పూసిన తారు చూపించమని అడిగి, లేకపోవడంతో వదిలేశారు. పోలీసు స్టేషను బయట ఆయన మెడలో దండలు పడ్డాయి. దళంలో కొత్తగా చాలామంది చేరారు. రెండో అతన్ని వాళ్ళమ్మ ఆదివారాలు కూడా బయటికి పంపుతోంది. సత్యవాణి రాజీనామా పంపితే, సంపాదకులు దాన్ని పక్కన పెట్టి, 'అసలు వీరుడు దొరికాడు' అనే శీర్షిక కింద నాలుగు కాలాలు ఖాళీ ఉంచామనీ వెంటనే నింపమనీ తంతి కొట్టారు. ఆవిడ నింపింది. ఖాళీ కాలాలు ఒక పత్రికకు ఎంత అవమానమో బాధ్యత గలవారికే తెలుస్తుంది.

ఇక మీదట మాత్రం కళ్ళతో చూడనిది ఒక్క ముక్క రాయనని ఆవిడ ఒట్టు పెట్టుకుంది.

వారం తిరక్కుండానే తవిటయ్య వచ్చాడు. కృతజ్ఞత చెప్పుకోవడానికి వచ్చాడనుకుని సత్యవాణి ముందే మొహమాటపడింది.

"ఉద్యోగం ఎలా ఉంది తవిటయ్యా?"

"ఉందమ్మా." మొహం వేలాడేసుకుని నిలబడ్డాడు. "సస్పెండులో ఉన్నప్పుడు యూనియనాపీసులో కుర్సీ ఏసీవోరు. తారు తవిటయ్యగోరంటే నిమ్‌పురా యార్డు దాకా తెలిసీది. బెంగాలీ దాదాలు ఎదురైతే పక్కకి తప్పుకునీవోరు. మీరెళ్ళి ఆడు కాదు, పొయ్యి మెత్తతన్నాడు అన్నారు. ఇప్పుడు గేటుకాడ సిన్న పిల్లోడు కూడా, ఏటి తవిటీ, మా పొయ్యికి ఎప్పుడొత్తావు అంటన్నాడు. సివరికి మా నూకాలు కూడా నవ్వతంది."

"పోనీలే. నాలుగు రోజులకు మర్చిపోతారు."

"మర్సిపోరమ్మా." చంకలోని గోనెసంచి కిందికి దించాడు. అందులోంచి తారు వాసన గుప్పుమంది. "అందుకనీసి, రేపు నిజంగానే పూసెత్తాను."

సత్యవాణికి నూకాలమ్మ చంకలో చంటిది గుర్తొచ్చింది. బేలాదీ పిల్లలు గుర్తొచ్చారు. కర్రలు పట్టుకు తిరుగుతున్న బెంగాలీ దళం కుర్రాళ్ళు గుర్తొచ్చారు.

"నీ ఉద్యోగం పోతుంది, తెలుసా?" అంది గంభీరంగా.

"తెలుసమ్మా."

"పిల్లలు గలవాడివి. ఊళ్ళో గొడవలైపోతాయి. బాగా ఆలోచించుకో."

"ఆలోసించుకునే వొచ్చినానమ్మా."

బాధ్యత గల విలేకరి చెప్పవలసిందంతా చెప్పేసినట్టయింది.

"అయితే చీకటి పడకముందే పుయ్యి," అంది చివరికి. "కళ్ళారా చూడందే నేను రాయను."