రాతితొట్టిలో మహిమ

1946లో ఆయుధపూజనాడు పొద్దున్నే నగర్తపేట ఇనుప సామాన్ల చెన్నరాయప్ప పెట్టుకున్న పని ఒక్కటే: సుత్తులూ ఉలులూ కడిగి బొట్టు పెట్టడం. పండుగ కాగానే కూతురు సుశీలను కాలేజీ మాన్పించేస్తానని వీధిలో అందరికీ చెప్పి ఉన్నాడు. "కొలిమికాడ నేర్చుకోనిది కెమిస్ట్రీలో ఏముండాది?" అన్నది ఆయన వాదన.

పెరట్లో రాతితొట్టి నిండా నీలం నీళ్ళున్నాయి. బట్టలకు పెట్టే నీలిమందనుకుని సామాన్లన్నీ అందులో ముంచాడు. నిజానికవి ద్రాక్షతీగకు కొట్టడానికి భార్య నంజమ్మ నానబెట్టిన మైలుతుత్తం నీళ్ళు. టెంకాయ తెచ్చేలోగా సుత్తి ఎర్రగా రాగిరంగు తిరిగిపోయింది!

"ఏమే! తల్లి కరుణించిండాదే! ఇనుము రాగి అయిపాయ!"

ఆ కేకకు వీధి వీధంతా కత్తులూ కొడవళ్ళూ పట్టుకొని పెరట్లో దిగింది. ముంచినదల్లా ఎర్రబడింది. పక్కంగడి సొన్నప్ప నోరు మూసుకునే రకం కాదు. "ఇనుము రాగి అయితే, రాగి బంగారు కావాల కదప్పా?"

చెన్నరాయప్ప మీసం దువ్వాడు. "ఎందుక్కాదు? తే నీ చెంబు!"

"వద్దు నాయనా, రాగి అట్లే ఉంటాది," అంది సుశీల. వింటేగా!

చెంబు మునిగింది, లేచింది, చెంబులాగే ఉంది. "నీ భక్తి చాల్లేదేమోప్పా," అన్నాడు సొన్నప్ప. అందరూ నవ్వారు. చెన్నరాయప్పకు తల కొట్టేసినట్టయింది.

సుశీల ముందుకొచ్చింది. "భక్తి కాదు మామా. బలమైన లోహం నీళ్ళలోకి దిగి, బలం తక్కువదాన్ని బయటికి తోస్తాది. అవి మైలుతుత్తం నీళ్ళు, వాటిలో ఉండేది రాగి. ఇనుము దానికంటే బలమైంది, తుత్తునాగం, అదే జింకు, ఇంకా పైన. వెండి రాగికంటే కింద. ఏదైనా ఇవ్వండి, ముంచకముందే చెప్తా."

సొన్నప్ప తుత్తునాగం రేకు ఇచ్చాడు. "రాగి పడతాది," అంది. పడింది. పంతం కొద్దీ వెండి మొలతాడు విప్పి ఇచ్చాడు. "ఏమీ కాదు." కాలేదు. పది వస్తువులు ముంచినా ఒక్క మాటా తప్పలేదు.

"అయితే తల్లి ఈ పాపమీదికే వచ్చిండాది!" అని సొన్నప్ప జారే పంచె ఒక చేత్తో పట్టుకొని దండం పెట్టబోయాడు.

"తల్లి కాదు సొన్నప్పా, చదువు!" చెన్నరాయప్ప అడ్డుపడ్డాడు. "నా కూతురు! ముంచకముందే చెప్పింది, చూసినావా? ఈ బిడ్డను కాలేజీ మాన్పిస్తానన్నది ఎవడంట?"

"నువ్వే," అంది నంజమ్మ.

"బి.ఎస్సీ కూడా చదివిస్తా!"

ఆ పూజలో సుత్తికంటే ముందు కెమిస్ట్రీ పుస్తకానికి బొట్టు పడింది. ద్రాక్షతీగకు మాత్రం మందు పడలేదు. రాగంతా కత్తులకూ కొడవళ్ళకూ అంటుకుపోయి తొట్టిలో ఇక మిగల్లేదని సుశీల అదీ చూడకముందే చెప్పింది.