గంగబాబు సెలవు అడిగిన వైనం

ఆ పొద్దున గంగబాబు పెట్టుకున్న పని ఒక్కటే. మామిడికుదురులో తను గుమస్తాగా చేసే కొబ్బరికాయల కొట్టుకు వెళ్లి, యజమాని సుబ్రహ్మణ్యేశ్వరరావుగారిని నాలుగు రోజులు సెలవు అడగడం. చిక్కల్లా ఏమిటంటే, అడగకుండానే అరకుకు రైలు టికెట్లు తీసేశాడు. పెళ్లయిన నాటి నుంచి భార్య భూలక్ష్మి అడిగింది అదొక్కటే. కాలవలు, చేలు, కొబ్బరితోటలు తప్ప కొండన్నది చూడని మనిషి. ఏటా "వచ్చే ఏడాది" అని తప్పించుకున్న గంగబాబు, ఆమె అడగడం మానేసేసరికి బెంగపడి టికెట్లు కొనేశాడు.

"చేతులూపుకుంటూ వెళ్తారేంటండీ? పళ్ళు పట్టుకెళ్ళండి," అంటూ భూలక్ష్మి బత్తాయిల సంచీ చేతికిచ్చింది. కొత్త చొక్కా కూడా తొడిగించింది. పాపం, మంచికే చేసింది.

కోనసీమలో మనిషి కొత్త చొక్కా తొడుక్కుని, పళ్లు పట్టుకుని, నోట మాట రాక గుమ్మంలో నిలబడ్డాడంటే దానికి అర్థం ఒక్కటే. వీసా వచ్చింది, కువైట్ వెళ్లిపోతున్నాడు. వెళ్లేవాళ్లంతా అలాగే వచ్చి చెప్పి వెళతారు. పైగా నిన్న గంగబాబు అమలాపురంలో చక్రాల పెట్టె కొన్న సంగతి రావుగారి చెవిన అప్పటికే పడింది.

రావుగారు పళ్ల వంక చూసి నీరుగారిపోయారు. "టికెట్టు కూడా తీసేసేవా?"

"ఆయ్, తీసేసేనండి. శుక్రవారానికండి. ముందు మిమ్మల్ని అడగాల్సిందండి. తప్పయిపోయిందండి."

"తప్పేం లేదురా. ఎవడి బతుకు వాడు చూసుకోవాలి. వెళ్ళిరా."

పని ఇంత సులువుగా అవుతుందనుకోని గంగబాబుకు ప్రాణం లేచివచ్చింది. దండం పెట్టి వెనక్కి తిరగబోతుంటే రావుగారు కండువాతో కళ్లు ఒత్తుకున్నారు.

"రెండేళ్ళకోసారైనా వచ్చి కనపడతావు కదరా? అక్కడ ఎండల్లో తిరక్కు. నువ్వు లేకపోతే ఈ కొట్లో నాకు ఊపిరాడదురా."

అప్పటికి విషయం బోధపడింది గంగబాబుకు. కాదని చెప్పడానికి నోరు తెరిచేలోగా రావుగారు అతన్ని వాటేసుకుని బావురుమన్నారు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా "బాగా చేసేవురా" అనని మనిషి! ఆ ఏడుపు చూసి గంగబాబుకూ ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే లారీ బ్రోకరు సత్యదుర్గారావు లోపలికొచ్చాడు.

"మన గంగబాబు కువైట్ వెళ్ళిపోతున్నాడయ్యా," అన్నారు రావుగారు.

"అలాగాండి! మా బావమరిది ఖాళీగానే ఉన్నాడండి. కొట్టు పని తెలిసినోడేనండి."

"అయితే శుక్రవారం నుంచి రమ్మను."

అలా గంగబాబు ఉద్యోగం అతని కళ్లముందే ఊడిపోయింది. నలుగురిలో నిజం చెబితే అంత పెద్దమనిషి నవ్వులపాలు. చెప్పకపోతే తన బతుకు వీధిపాలు. ఏం చెయ్యాలో తోచక, ఎవరేమన్నా "ఆయ్" అంటూ కూర్చున్నాడు. సత్యదుర్గారావు ఆ కబురు ఊరంతా చల్లుకుంటూ వెళ్లాడు. కాసేపటికి కువైట్‌లో మనుషులున్న ఇళ్ల నుంచి జంతికలు, ఆవకాయ, ఎండురొయ్యలు మూటలు మూటలుగా కొట్టుకు చేరాయి. "మా వాడికి అందించు నాయనా," అని ఒకావిడ గడ్డం పట్టుకుని బతిమాలింది. దానికీ "ఆయ్" అన్నాడు.

మధ్యాహ్నం రావుగారి భార్య రాజ్యమ్మగారు భూలక్ష్మిని కొట్టుకు పిలిపించి, బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క చేతిలో పెట్టారు.

"ఒక్కదానివీ ఎలా ఉంటావే తల్లీ?"

"ఒక్కదాన్నేంటండి? నేనూ వెళ్తున్నానండి."

"నీకూ వీసా వచ్చిందా!"

"అరకుకి వీసా ఎందుకండి? మంగళవారానికి వచ్చేస్తాం కదండి."

మూటలు తెచ్చినవాళ్లంతా గంగబాబు వంక తిరిగారు. రావుగారి ముఖం కందగడ్డయింది.

"మీరు ఏడుస్తుంటే కాదనడానికి నోరు రాలేదండి," అన్నాడు గంగబాబు తల వంచుకుని.

రావుగారు చెయ్యెత్తారు. అది దెబ్బగా పడాల్సింది, భుజం మీద మెత్తగా వాలింది. "అయితే వెళ్ళిపోవట్లేదన్నమాట," అన్నారు. మళ్లీ అన్నారు. ఆయన ముఖంలో సంతోషం చూసి జనం నవ్వేశారు. మూటలు మాత్రం వెనక్కి పట్టుకుపోయారు.

రాజ్యమ్మగారు నవ్వలేదు. "గుమస్తా తీసుకెళ్తున్నాడండి పెళ్ళాన్ని. మీరు నన్నెప్పుడైనా అన్నవరం దాటించేరా?"

"నేనూ వచ్చేస్తే కొట్టెవరు చూస్తారే?"

"ఇందాకే మనిషిని కుదిర్చేరుగా!"

రావుగారు ఇంకో రెండు టికెట్లకు డబ్బు తీసి గంగబాబు చేతిలో పెట్టారు.

శనివారం అరకు రైలు కొండెక్కుతుంటే భూలక్ష్మి కిటికీకి ముఖం ఆనించింది. "ఇంత ఎత్తుంటాయాండీ!" అని గంగబాబు చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతమందిలో ఆమె అతని చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఎదుటి కిటికీ దగ్గర రాజ్యమ్మగారూ కళ్లార్పకుండా చూస్తున్నారు.

"ఒరే గంగబాబూ, ఈ వాలులో కొబ్బరి కాస్తుందంటావా?" అన్నారు పక్కనే కూర్చున్న రావుగారు.

గంగబాబుకు కొట్టు నుంచి సెలవు దొరికింది గాని, యజమాని నుంచి దొరకలేదు.