తూకానికి రాని ఆపరేటింగ్ సిస్టమ్

మనిషి నిప్పును కనిపెట్టిన రోజున కొనుగోళ్ల కమిటీ అనేది లేదు. అది వెంటనే వెలగడానికి కారణం అదేనని చరిత్రకారులు ఎందుకు రాయలేదో తెలియదు.

సజీవ ధ్రువీకరణ శాఖలో అలాంటి లోపాలు లేవు. పింఛను తీసుకునే పెద్దవాళ్లందరూ ఏటా ఒకసారి ఆ ఆఫీసు మూడో అంతస్తుకు ఎక్కి, తాము ఇంకా బతికే ఉన్నామని సంతకం చేసి రావాలి. (ఎక్కలేనివాళ్ల విషయంలో శాఖ తన అభిప్రాయం తాను ఏర్పరచుకుంటుంది.) ఈ ఏడాది ఆ పని ఇంట్లో కూర్చునే చేసుకునేలా వెబ్‌సైట్ పెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సర్వర్ కూడా వచ్చింది. దానిమీద వేయాల్సిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచుకోవడమే మిగిలింది.

ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఆవిడను అందరూ సర్వరమ్మ అంటారు. ఉత్తర్వు చూసి అందరికంటే సంబరపడింది ఆవిడే. వాళ్ల మావగారికి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. పోయిన ఏడాది అరవై నాలుగు మెట్లూ ఎక్కించేసరికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆయన చూడకుండా ఈవిడా కళ్లు తుడుచుకుంది. అందుకే "మావయ్యా, ఈసారి మీరు గుమ్మం దాటక్కర్లేదు" అని ముందే మాటిచ్చేసింది.

కమిటీకి ఒక పేజీ నోట్ రాసింది. లినక్స్ వేద్దాం, బోలెడు వెబ్‌సైట్లు దానిమీదే నడుస్తున్నాయి, ఉచితం, గంటలో అయిపోతుంది అని. చివరి రెండు ముక్కలూ కమిటీకి అనుమానం కలిగించాయి.

కమిటీ అధ్యక్షుడు స్టోర్స్ సూపరింటెండెంట్. బీరువాలు కొనడంలో ఇరవై రెండేళ్ల అనుభవం. పిడికిలితో కొట్టి, చప్పుడు విని, రేకు మందం చెప్పేయగలడు. సర్వర్‌నూ అలాగే కొట్టి చూసి, తల పంకించి, అసలు ప్రశ్న వేశాడు. లినక్స్ పాడైతే నోటీసు ఎవరికివ్వాలి? దాన్ని దేశదేశాల్లో వేలమంది కలిసి తయారుచేశారని సర్వరమ్మ చెప్పింది. వాళ్లందరి చిరునామాలూ పట్టుకురమ్మన్నాడు. పాడైతే బాగుచేసేది నేనేనంది ఆవిడ. సరఫరాదారు కానివారికి నోటీసు ఇచ్చే వీలు లేదని, అందుకు కమిటీ చింతిస్తోందని మినిట్స్‌లో రాయించాడు.

అయినా ఆవిడ పట్టు వదల్లేదు. ఏ సరుకైనా నమూనా తూచి చూడాలని నిబంధన ఉందంటే, లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి చూపిస్తానంది. స్టోర్‌కీపర్ మంచి మనిషి, చాదస్తం తప్ప ఏ దురలవాటూ లేదు. పెన్‌డ్రైవ్‌ను ఖాళీగా ఒకసారి, ఎక్కించాక ఒకసారి, ఫ్యాన్ ఆపించి మరీ తూచాడు. రెండుసార్లూ తొమ్మిది గ్రాములే.

"ఇందులో సరుకు లేదమ్మా" అన్నాడు జాలిగా. "మిమ్మల్నెవరో మోసం చేశారు."

రిజిస్టర్‌లో 'సరుకు అందలేదు' అని రాసి, ఆవిడ చేతే సంతకం పెట్టించుకున్నాడు.

పోటీలో ఉన్న రెండో సిస్టమ్ ఒక కంపెనీది. లావుపాటి పుస్తకాలతో సహా అట్టపెట్టెలో వచ్చింది. రెండున్నర కిలోలు తూగింది. ఏకగ్రీవంగా ఎంపికైంది. నిబంధన ప్రకారం ఎంపికైన నమూనాకు లక్క సీలు వేసి ఐదేళ్లు బీరువాలో భద్రపరచాలి. వచ్చింది ఆ ఒక్క పెట్టే. (ఐదేళ్ల తర్వాత తెరిచి వాడుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు.)

సర్వరమ్మకు ఒళ్లు మండింది. శుక్రవారం భోజనాల వేళ తలుపు వేసుకుని లినక్స్ వేసేసింది. యాభై నిమిషాలు పట్టింది. సోమవారం వెబ్‌సైట్ మొదలైంది. రెండున్నర కిలోల సిస్టమ్ ఎంత చురుగ్గా పనిచేస్తోందో చూడమని కమిటీ సభ్యులు ఒకరినొకరు అభినందించుకున్నారు. మావగారు మంచం మీద కూర్చునే ఫోన్ నొక్కి, బతికున్నట్టు రసీదు తెచ్చుకుని, ఇరుగుపొరుగుకు చూపించి మురిసిపోయారు. ఆయన్ని చూసి కోడలికి కడుపు నిండిపోయింది.

నెల తిరక్కుండానే తనిఖీ జరిగింది. బీరువాలో పెట్టె సీలు చెక్కుచెదరలేదు. అంటే సర్వర్ మీద ఏ సిస్టమూ వేయలేదు. సిస్టమ్ లేకుండా వెబ్‌సైట్ నడవదు. కాబట్టి నడవలేదు. నడుస్తోంది చూడండి సార్ అని సర్వరమ్మ తెర చూపించింది, లినక్స్ వేసింది తానేనని ఒప్పుకుంది కూడా. తనిఖీ అధికారి రిజిస్టర్ తిప్పి ఆవిడ సంతకం చూపించాడు. అందని సరుకును వేసే అధికారం ఎవరికీ లేదని ఓపిగ్గా వివరించాడు.

దాంతో వెబ్‌సైట్‌లో బతికున్నామని చెప్పుకున్న నాలుగువేల మందీ చెప్పుకోనట్టే తేలింది. గడువు ఎలాగూ దాటిపోయింది. శాఖ వాళ్ల పేర్లను సగౌరవంగా మృతుల జాబితాలోకి మార్చి, అభ్యంతరం ఉన్న మృతులు మూడో అంతస్తులో స్వయంగా హాజరు కావాలని ఉత్తరాలు పంపింది.

ఉత్తరం చదివి సర్వరమ్మకు తల కొట్టేసినట్టయింది. మావగారు చేతికర్ర తీసుకుని, కోడలి భుజం పట్టుకుని బయల్దేరారు. నలభయ్యో మెట్టు మీద కూలబడి, "నీ తప్పేం లేదులేమ్మా" అన్నారు. తిట్టినా ఆవిడకు అంత బాధ కలిగేది కాదు.

కౌంటర్‌లో గుమస్తా ఉత్తరం చూశాడు, ఆయన్ని చూశాడు, లేచి మర్యాదగా కుర్చీ లాగి వేశాడు.

"కూర్చోండి పెద్దాయనా. ముందు బతికున్నవాళ్ల పని చూసి, తర్వాత మిమ్మల్ని పిలుస్తాను."