జోగయ్య రెండో ప్రాణం

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో ఒక గురువారం పొద్దున త్రికోటేశ్వరరావు వేసుకున్న పథకం చిన్నది. వారపత్రికలో నడుస్తున్న తన డిటెక్టివ్ సీరియల్ ఆఖరి భాగాన్ని పోస్టులో వేసి, అటునుంచి అటే జిన్నింగు మిల్లుకు పోవాలి. మిల్లులో ఆయన గుమాస్తా. పగలు పత్తి బేళ్ళకు నంబర్లు వేస్తాడు, తెల్లవారుజామున లేచి హత్యలు రాస్తాడు.

నరసరావుపేట బస్టాండు దగ్గర పుస్తకాల కొట్టు యేసుపాదం ఆయన సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు.

"రావుగారా, ఒక్క మాట. మీ జోగయ్య చచ్చాడా, ఉన్నాడా?"

జోగయ్య సీరియల్లో డిటెక్టివుగారి జీపు డ్రైవరు. మూడు వారాల కిందట త్రికోటేశ్వరరావు అతణ్ణి జీపుతో సహా లోయలోకి తోయించాడు. మరుసటి వారం శవపరీక్ష కూడా జరిపించాడు.

"చచ్చాడు గదా. అచ్చయింది."

"మగాళ్ళకు చచ్చాడయ్యా. ఆడాళ్ళకు చావలా. తుమ్మకొమ్మ పట్టుకుని ఏలాడాడంట. గొర్రెలకాపరి ఇంట్లో గంజి తాగి లేచి కూర్చున్నాడంట. మొన్న టీకొట్టుకాడ మొగుళ్ళకూ పెళ్ళాలకూ ఇదే రచ్చ. జోగయ్య బతికిన పేజీలు నేను చింపి అమ్ముతున్నానని పది మంది ఆడాళ్ళు కొట్టు మీదికొచ్చారు. ఇయ్యాల్టి కట్ట విప్పాలంటే భయమేస్తంది."

ఈ సంగతి యేసుపాదం విజయవాడలో పత్రిక ఆఫీసుకు రాశాడు కూడా. త్రికోటేశ్వరరావు పేర ఎడిటరు జవాబు కార్డు ఆ ఉదయమే కొట్టుకు వచ్చింది. 'మీ ఊళ్ళోనే మీ కథ రెండు రకాలుగా నడుస్తున్నదట. ఆఖరి భాగంలోగా ఈ గందరగోళం తేల్చండి. లేదా తర్వాతి సీరియల్ మరొకరిచేత రాయిస్తాం.'

పదకొండేళ్ళ పాటు కథలు తిరుగుటపాలో వచ్చాక దొరికిన మొదటి సీరియల్ అది. త్రికోటేశ్వరరావు కవరును పోస్టు డబ్బాలో వేయకుండా జేబులో పెట్టుకుని, మిల్లుకు సెలవు చెప్పి, దొంగ రచయితను పట్టడానికి బయలుదేరాడు.

మొదట యేసుపాదాన్నే అనుమానించాడు. తర్వాత మాచర్లలో ఉండే ఒక దయ్యాల కథల రచయితను అనుమానించాడు. త్రికోటేశ్వరరావు కథలో డిటెక్టివుకు మూడు ఆధారాలు దొరికితే చాలు, హంతకుడు దొరికేవాడు. ఆయనకు మధ్యాహ్నానికి పదిహేను ఆధారాలు దొరికాయి, దొంగ మాత్రం దొరకలేదు. చివరికి టీకొట్టు కొండలు ఒక దారి చూపించాడు.

"మా ఆడది మిరపకాయల కొట్లో ఇన్నదంట. బేస్తవారం మజ్జానం ఆడ మీ సీరియలు చదువుతారు గదా. మీకు తెలవదా?"

ఆ "మీకు తెలవదా" దగ్గర ఆగి ఉంటే సగం పని అయిపోయేది. త్రికోటేశ్వరరావు ఆగలేదు.

తొడిమలు తీసే ఆడకూలీలకు చదువు వచ్చిన మనిషి ఒకరు సీరియల్ చదివి వినిపించడం ఆ కొట్లలో మామూలే. ఆయన చప్పుడు చేయకుండా వెనక గుమ్మంలోంచి దూరి, మిరపకాయలు కుక్కిన గోతాల టిక్కీల చాటున నక్కాడు. కండువా ముక్కుకు అదుముకుని తొంగి చూశాడు. నలభై మంది ఆడవాళ్ళ మధ్య పీట మీద ఆయన భార్య ఝాన్సీలక్ష్మి కూర్చుని ఉంది. పక్కనే పొరుగింటి పీరాంబీ. ఝాన్సీ చేతిలో పత్రిక ఉంది. కళ్ళు మాత్రం పత్రికలో లేవు. అయినా వేళకు పేజీ తిప్పడం మరిచిపోవడం లేదు.

"అప్పుడు జోగయ్య ఏమన్నాడంటే," అంటున్నది ఝాన్సీ, "'చలేస్తందంటే నా చొక్కా జీపులో పక్కనోడికి ఇచ్చా. నేను కొమ్మ పట్టుకున్నా, జీపుతో పోయింది వాడు. చొక్కా చూసి నేనే అనుకున్నారు.'"

టిక్కీల వెనక త్రికోటేశ్వరరావు నోరు తెరిచాడు. శవపరీక్ష రాసిన తనకే తట్టని ఉపాయం అది. తెరిచిన నోట్లోకి మిరపకాయల ఘాటు పోయింది. వరసగా పదకొండు తుమ్ములు వచ్చాయి.

ఝాన్సీ ఆయన్ని చెయ్యి పట్టుకుని కాటా పక్కకు తీసుకుపోయింది.

"పీరాంబీ పిన్నమ్మ కొడుకు మౌలాలీ లారీ ఏసుకుని నాగపూరు పోయి నెల కావస్తంది. జాబు లేదు. మీరేమో డ్రైవర్ని లోయలోకి తోశారు. ఆమె ఎదురుగా కూర్చుని అది ఎట్టా చదవమంటారు?"

"నాతో చెప్పొచ్చు గదా."

"చెబితే మారుస్తారా? ఉప్పు ఎక్కువైందంటేనే ఒప్పుకోరు, అచ్చులో మాట ఒప్పుకుంటారా?"

ఆయన జేబులోంచి కవరు బయటికి తీశాడు.

"ఆ చొక్కా తొడుక్కున్నవాడు ఎవడు?"

"వచ్చే వారం చెబుదామనుకున్నా."

"ఇప్పుడే చెప్పు. టపా నాలుగింటికి."

టిక్కీ మీద కాగితం పెట్టుకుని, ఆమె చెబుతుంటే, చివరి నాలుగు పేజీలు కొత్తగా రాశాడు. ఆ భాగం అలాగే అచ్చయింది, తర్వాతి సీరియలూ ఆయనకే వచ్చింది. అది రెండు వారాల తర్వాతి మాట. అప్పటికి మాత్రం కవరు డబ్బాలో వేసి, ఒక తప్పు ఒప్పుకోవలసి ఉందని మళ్ళీ కొట్టుకు వచ్చాడు.

"పిన్నమ్మా, నీ దగ్గర ఒక అబద్ధం ఆడాం. పుస్తకంలో జోగయ్య..."

"చచ్చాడుగా," అంది పీరాంబీ, చేతిలో కాయ తొడిమ తీస్తూ. "చచ్చిన రోజే కొండలు చెప్పాడు."

"మరి మౌలాలీ..."

"ఆడి కార్డు వచ్చి పది రోజులైందిలే. అకోలా కాడ లారీ చెడిపోయిందంట. కొండలు చేతే చదివించుకున్నా. ఎల్లుండికి వస్తాడు."

"ఝాన్సీకి చెప్పలేదేంది?"

పీరాంబీ గొంతు తగ్గించింది.

"చెబితే అమ్మి మళ్ళా నువ్వు రాసిందే చదువుద్దేమోనని, అల్లుడూ. నోరు తెరిచి నాలుగు మాటలు సొంతంగా చెప్పుకునే చోటు దానికి ఇదొక్కటే గదా. నీ ఇంట్లో చెప్పేది నువ్వేనాయె."

అవతల ఆడవాళ్ళు ఝాన్సీని లేవనివ్వడం లేదు. చొక్కావాడి సంగతి తేల్చి పొమ్మంటున్నారు. ఆమె మళ్ళీ పీట మీద కూర్చుంది. ఈసారి చేతిలో పత్రిక లేదు. త్రికోటేశ్వరరావు పీరాంబీ పక్కన చతికిలబడి, అక్కడ ఊరికే కూర్చోవడం మర్యాద కాదని ఒక గుప్పెడు కాయలు ముందుకు లాక్కుని, తొడిమలు తీస్తూ తన భార్య చెప్పే కథ మొదటిసారి చివరిదాకా విన్నాడు.

ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకోవడం మాత్రం ఆయన చేసిన పొరపాటు.